సింహాచలం గారి గిటారు, నా చెవులు

ఖరగ్‌పూర్ హిజ్లీలో నేను పనిచేసే ప్రయోగశాలకు ఎదురుగా విద్యార్థుల సంగీతం గది ఉంది. పోయిన వారం మధ్యాహ్నం అక్కడ ఎవరో ఎలక్ట్రిక్ గిటారు వైరును నేరుగా పాటల స్పీకరులో పెట్టి తీగ మీటారు. ఆ ధ్వని కిటికీ దాటి వచ్చి నా పళ్ళ మొదళ్ళలో తగిలింది. పలక మీద మేకుతో గీసినట్టు ఉంది. చేతిలో పని ఆపేశాను. ఒకప్పుడు అచ్చం అలాంటి ధ్వనినే నేనూ తయారుచేశాను. దాన్ని ఒక పెద్దాయన చేతిలో పెట్టి, బాగుందని కూడా చెప్పాను. ఆయన పేరు సింహాచలం.

నేను వరంగల్ నుంచి ఖరగ్‌పూర్‌కు సాంకేతిక సహాయకురాలిగా వచ్చిన కొత్తలో, నింపురాలో వాళ్ళింటి వెనక వాటాలో అద్దెకు ఉండేదాన్ని. సింహాచలం గారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన తాత విజయనగరం వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చి స్థిరపడ్డాడట. వయసులో ఉన్నప్పుడు ఆయన రైల్వే ఇనిస్టిట్యూట్ అనే ఉద్యోగుల క్లబ్బు బ్యాండులో గిటారు వాయించేవారు. శనివారం సాయంత్రాలు డాన్సులు జరిగే రోజుల్లో, ఒక ముసలి ఇంజన్ డ్రైవరు దగ్గర నెమ్మదిగా సాగే జాజ్ పాటలు నేర్చుకున్నారు. బోలు పొట్ట ఉన్న పెద్ద గిటారు ఆయనది. బ్యాండుకు వాల్వులతో నడిచే పాత ఆంప్లిఫయరు ఒకటి ఉండేది. బ్యాండు విడిపోయాక అది ఈయన ఇంటికి చేరింది. నేను వచ్చేనాటికి దాని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి, స్పీకరు కాగితం చిరిగిపోయి, లోపల సాలెగూళ్ళు పట్టి ఉంది. కలకత్తా మెకానిక్కు కూడా సామాను దొరకదని చేతులెత్తేశాడు. గిటారు గోడకెక్కింది.

ఒక ఆదివారం ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టారు. వర్క్‌షాపు పాతవాళ్ళందరూ ఇనిస్టిట్యూట్ హాల్లో కలుసుకుంటున్నారట. ఆ హాలుకు మరమ్మతులని తాళం వేయబోతున్నారు కాబట్టి, అక్కడ అదే ఆఖరి కార్యక్రమమట. ఈయనను గిటారు వాయించమన్నారు.

"ఏటమ్మా, నువ్వు ఎలట్రానిక్సు సదివినావు గదా. ఆ ఆంప్లీఫైరు నేకుండా ఆ గొంతు తెప్పించగలవా?"

"స్పీకరు హాల్లో ఉంటది కదా బాబాయ్. మధ్యలో చిన్న పెట్టె ఒకటి చేస్తే చాలు."

"పెట్టె నువ్వు సేస్తావు, సరే. వాయించేది నాను, ఇనేది మాత్రం నువ్వే. నాకు పై సద్దులు ఇనపడవు తల్లీ. రివెట్లు కొట్టే షాపులో బతుకంతా అయిపోనాది. పిట్టలు నోరు తెరుస్తాయి, సద్దు రాదు. నా గిటారుకి నీ సెవులే గావాల."

ఈ మాట ఆయన బాధగా అనలేదు. కళ్ళజోడు నంబరు చెప్పినంత మామూలుగా అన్నారు. నేను కూడా మామూలుగానే విన్నాను.

రెండు వారాలపాటు సాయంత్రాలు కూర్చుని పెట్టె తయారుచేశాను. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచి, ఏమాత్రం మార్పు లేకుండా స్పీకరుకు అందించడం దాని పని. ప్రయోగశాలలో పరీక్షిస్తే, కింది శబ్దాల నుంచి పై శబ్దాల దాకా దేన్నీ తగ్గించకుండా తెర మీద గీత ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా వచ్చింది. ఆ గీతను చూసి మురిసిపోయాను. ఫోనులో ఫొటో కూడా తీసుకున్నాను. మర్నాడు హాల్లో వాడేలాంటి పాటల స్పీకరు ఒకటి అద్దెకు తెచ్చి, వాళ్ళ ముందుగదిలో పెట్టి గిటారు తగిలించాం. ఆయన మొదటి వరస వాయించగానే వంటింట్లోంచి ఆయన భార్య పైడమ్మ గారి గొంతు వినిపించింది.

"ఏటండీ అది! సెవుల్లో సూదులు దిగబడతన్నాయి."

ఆయన తీగల మీద అరచెయ్యి వేసి నా వైపు తిరిగారు. "ఆవిడకి పాత పెట్టె మీద మోజు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు."

నాకూ సూదులే వినపడ్డాయి. అయినా తెర మీది గీత గుర్తొచ్చింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాలంటే అన్ని సాయంత్రాల పని వృథా అనిపించింది. అంతకంటే ఎక్కువగా, నేను చేసినదాన్ని వంటింట్లోంచి ఒకావిడ తప్పుపట్టడం నచ్చలేదు. "మంచిగుంది బాబాయ్," అన్నాను.

"మంచిగుందంటే ఇంకేటి గావాల," అని ఆయన మళ్ళీ వాయించుకోవడంలో పడ్డారు.

హాల్లో కుర్చీలన్నీ నిండాయి. ఎక్కువమంది ఆయనతో పనిచేసినవాళ్ళే, తల నెరిసినవాళ్ళు. సింహాచలం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని మొదలుపెట్టారు. వాళ్ళ ముందుగదిలో సూదుల్లా ఉన్నది ఆ పెద్ద స్పీకర్లలో కత్తుల్లా వచ్చింది. అందరి చెవులూ రివెట్ల షాపులో పోయినవి కావు. ముందువరసలో ఒకావిడ చెంగుతో చెవి మూసుకుంది. మైకుల దగ్గర కూర్చున్న బెంగాలీ అబ్బాయి గబగబా శబ్దం తగ్గించాడు. సింహాచలం గారికి తప్పు వినపడలేదు గాని, కనపడింది. ఆ చెంగును చూశారు, ఆ అబ్బాయి చేతిని చూశారు. పాట మధ్యలో ఆపలేదు. వరస పూర్తిచేసి, వంగి గిటారు వైరు ఊడదీశారు.

"దాదా, ఆ పాట మైకు ఇలా తీసుకురా," అని హిందీలో పిలిచి, దాన్ని గిటారు పొట్ట ముందు పెట్టించుకున్నారు. బొటనవేలితో మెల్లగా రెండు పాటలు వాయించారు. ముందు నాలుగు వరసల్లో కూర్చున్నవాళ్ళకు వినపడింది. వెనకవాళ్ళు మర్యాదగా కూర్చున్నారు. ఆఖరున అందరూ చప్పట్లు కొట్టారు. నేను గోడ పక్కన నిలబడి, కింద పడి ఉన్న వైరు చుట్టుకుంటూ ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్నే ముందు వాటాకు వెళ్ళాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు.

"బాబాయ్, ఆ రోజే నాకు వినపడ్డది. గుచ్చుకుంటున్నదని తెలుసు. అయినా మంచిగుందన్న."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"అన్నప్పుడు నువ్వు నన్ను సూడనేదు. ఆ పెట్టెని సూసినావు." పేపరు మడతపెట్టారు. "మరి ఆవిడ సెప్పినా ఇననిది నాను. ఆ తప్పు నాది. సద్దు పాడైపోతే మళ్ళీ బాగుసేసుకుంటాం. నాకు ఇనపడనిది నువ్వు కూడా సెప్పకపోతే, నానెవర్ని అడగాల?"

ఆయన పేపరు పక్కన పెట్టారు. "ఆ పెట్టె తీసుకురా. ఇకమీద మంచిగుంది, బాగుంది అనీసి సెప్పకు. బాగుందో నేదో తరవాత తేల్చుకుందాం. నీకేటి ఇనపడతందో అది సెప్పు."

అది ఎంత కష్టమో ఆ తరువాతి ఆదివారాల్లో తెలిసింది. ఆయన ఒక్క తీగ మీటి నా ముఖం చూసేవారు. నాకు మాటలు వచ్చేవి కావు. నా చదువులో అంకెలే గాని అలాంటి మాటలు లేవు. చివరికి, "మొదట టిక్కుమంటున్నది, ఆ తర్వాత గుండ్రంగ ఉన్నది," అన్నాను. "ఆ టిక్కు నా గోరుది," అని గోరు కత్తిరించుకుని వేలి కండతో మీటారు. "పైన ఇసుక రాలినట్టున్నది," అంటే, తీగలు మార్చి నునుపుగా చుట్టిన లావుపాటివి వేశారు. అయినా ఇసుక పూర్తిగా పోలేదు. అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. పాత ఆంప్లిఫయరులోని పెద్ద కాగితపు స్పీకరు సన్నని పై శబ్దాలను పలకలేకపోయేది. మేము వెచ్చదనం అనుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ చేతకానితనమే. పాటల స్పీకరు అన్నీ పలుకుతుంది కాబట్టి, వాటిని దారిలోనే ఆపాలి. నేను మురిసిపోయిన సమమైన గీతను పై వైపు నా చేత్తోనే కిందికి వంచాను. మొదట మరీ ఎక్కువ వంచాను. "దుప్పటి కప్పుకొని మాటాడినట్టుంది," అన్నారు పైడమ్మ గారు. ఈసారి ఇద్దరం ఆవిడ మాట విని, కొంచెం వెనక్కి తెచ్చాం. కింది శబ్దం గదిలో గుయ్యిమంటుంటే స్పీకరును నేల మీద నుంచి తీసి బల్ల మీద పెట్టాం.

ఆ పని ఎన్ని వారాలు సాగిందో గుర్తులేదు. ఒక ఆదివారం పైడమ్మ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర కూర్చున్నారు. పాట అయ్యాక, "అదే ఇంకోసారి వాయించండి," అన్నారు.

ఆయన నా వైపు చూశారు. "నీకేటి ఇనపడతంది?"

"తీగ వినపడతలేదు బాబాయ్. స్వరమే వినపడుతున్నది."

ఆయన తలాడించి మళ్ళీ మొదలుపెట్టారు. తనకు సగమే వినపడే ఆ ధ్వనిని మా ఇద్దరి మాట మీద నమ్మి, ఆ తరువాత రెండేళ్ళు రోజూ వాయించుకున్నారు. హాలు మాత్రం మళ్ళీ తెరవలేదు. నా వల్ల పోయింది ఒక్క సాయంత్రమే. కానీ ఆయనకు మిగిలి ఉన్నదే ఆ ఒక్క సాయంత్రం. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనే అప్పుడప్పుడూ ఎత్తితే, "అయిపోయిందానికేటి," అనేవారు.

గుండె ఆగి ఆయన పోయాక, దినవారాలన్నీ ముగిసిన తరువాత పైడమ్మ గారు గిటారు నా చేతికిచ్చి వాయించమన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న నాలుగు వరసలు వాయించి, ఎలా ఉందని అడిగాను. "సద్దు అదే అమ్మా. సెయ్యే వేరు," అన్నారు. ఆ మాటకు నాకు బాధ కలగలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పారు.

ఇప్పుడు విద్యార్థులు తాము చేసిన స్పీకర్లు, ఆంప్లిఫయర్లు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. నెలల తరబడి కష్టపడి ఉంటారు. "ఎలా ఉంది మేడం?" అని అడుగుతారు. మంచిగుందన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, పరికరాన్ని పక్కన పెట్టి, నాకు ఏం వినపడిందో చెబుతాను. కొందరి ముఖాలు చిన్నబోతాయి. అప్పుడు కూడా ఆ ముఖం మీద నుంచి చూపు తిప్పుకోను.