ఒక పాలు కాఫీ

సింగపూర్‌లో, బెడోక్ హాకర్ సెంటర్‌లో, తిండి అంగళ్ల మధ్య వేసిన బల్లల దగ్గర చోటు దొరక్క ఓ ముసలి దంపతుల బల్ల దగ్గర కూర్చున్నాను. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని ఆవిడే పలకరించింది. తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం ఆవిడది. ఆయన డెన్మార్క్ మనిషి. నేను లెక్కల మాస్టర్నని చెప్పగానే ఆవిడ నవ్వింది.

“మమ్మల్ని కొట్లాడించింది మీ లెక్కల మాటే తంబీ! పెళ్లయిన కొత్తలో ఈయన వండిన అన్నం ముద్దయింది. నీళ్ల సంగతి చెబుతూ ‘నీ రేషియో సరిగా లేదు’ అన్నాను. డేనిష్‌లో రేషియో అంటే బుద్ధి కదా! రోజంతా నాతో మాట్లాడలేదు.”

“మరి నిష్పత్తిని వాళ్లేమంటారు ఆంటీ?”

“ఫోర్‌హోల్. మొగుడూ పెళ్లాల బంధానికి కూడా అదే మాట. తెలుగులో మా అమ్మ ఏదో అనేది, మరిచిపోయాను.”

“పాళ్లు. ఒక్కటైతే పాలు,” అన్నాను.

“తాగే పాలా?”

“తాగేవీ పాలే, వాటా కూడా పాలే.”

ఆవిడ ఆ సంగతి ఇంగ్లీషులో ఆయనకు చెప్పింది. ఆయన తన బ్లాక్ కాఫీలో సగం ఆవిడ ఖాళీ కప్పులోకి వంచాడు.

“పాలు,” అన్నాడు.

తప్పులు దిద్దడమే నా పని. ఆ కాఫీలో చుక్క పాలు లేవు. ఆయన మాటలో మాత్రం దిద్దడానికేమీ లేదు.