ఫిడేలు మీద గట్టిమేళం

మణికొండల మా ఫ్లాటు మీది అంతస్తుల ఉండే కంప్యూటర్ నౌకరి పిలగాడు, పిలగాడంటున్న గాని నలభై దాటినయ్, నెల దినాల సంది ఫిడేలు నేర్చుకుంటుండు. పొద్దున్నే తలుపు కిర్రుమన్నట్టు మొదలైతది. అపార్ట్‌మెంటోళ్లంత ఫోన్ల గ్రూపుల తిట్టుకుంటున్నరు. మా మనుమరాలు చెవులల్ల దూది పెట్టుకుంటది. నేను మాత్రం కుర్చీ బాల్కనీలకు గుంజుకోని కూసుంట. అంతకన్న ఘోరమైన ఫిడేలు విని బతికినదాన్ని నేను.

అది మా నాయినది. అద్దాల బిల్డింగులు నిలవడ్డ ఈ జాగలన్నీ అప్పుడు రాళ్ల గుట్టలు, జొన్న చేన్లు. మాది మంగలి ఇల్లు. నాయిన సన్నాయి ఊదేటోడు, చిన్నాయిన డోలు కొట్టేటోడు. ఊర్ల రాములవారి లగ్గానికి తాతల సంది మా ఇంటి సన్నాయే. పోలీస్ యాక్షన్‌కు ముందటేడు ఎడ్లు బెదిరి, నాయిన బండి మీదికెళ్లి పడ్డడు. ముందటి పండ్లు నాలుగు రాలినయ్. సన్నాయి పీక పెదవుల నడుమ నిలవక గాలంత పక్కలకు పోయేది. యాభై ఏండ్ల మనిషి, సన్నాయిని గుడ్డల చుట్టి దూలం సందుల చెక్కిండు. ఆ ఏడు శ్రీరామనవమికి పక్కూరి మేళం వచ్చింది. నాయిన ఇంట్ల గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

లింగంపల్లి స్టేషన్ల కోస్తా దిక్కు నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన ఉండేటోడు. ఆయనకు ఫిడేలు వస్తదని విని నాయిన నడుచుకుంట పోయిండు. ఆయన తన పాత ఫిడేలు చేతికిచ్చి, "కూర్చోండి, భయపడకండి. రాగం మీకు తెలుసు కదండీ, చేతికి తెలియాలి, అంతే" అన్నడట. ఊర్ల అందరితోని అరే తురే అనిపించుకున్న మా నాయిన, ఫిడేలు సంగతి పక్కకు పెట్టి ఆ 'అండి' గురించే వారం దినాలు చెప్పిండు.

ఇంట్ల సాధన మొదలైంది, మా పానాలు పోయినయ్. మేక తలుగు తెంపుకొని ఉరికేది. అసలు తమాష ఏందంటె, నాయిన ఫిడేలును గూడ ఊదేటోడు. బుగ్గలు బూరెల్లెక్క ఉబ్బించి, ఊపిరి బిగవట్టి తీగల మీద కమాను గుంజేది. ఊపిరి అయిపోతెనే కమాను మళ్లేది. మా అమ్మ కొంగు నోట్లె పెట్టుకోని నవ్వేది. స్టేషనాయన ఆ అలవాటు మాన్పియ్యజూసి సాతగాక, "పోనీండి, ఆ ఊపిరి మీ దగ్గరే ఉంచుకోండి" అన్నడట.

మరుసటేడు నవమికి నాయిన పెద్దమనుషుల దగ్గరికి పోయిండు. వాళ్ల ఫికర్ ఒక్కటే. తాళి కట్టేటప్పుడు ఎవరన్న తుమ్మినా, చెడ్డ మాట పలికినా వినవడకుంట మోత కప్పెయ్యాలె. గట్టిమేళం ఉన్నదే దానికి. పిట్టంత ఫిడేలు ఏం కప్పుతది?

"ఒక్కపారి వినుండ్రి. కుదరకపోతె మళ్ల గుడి మెట్టెక్క" అన్నడు నాయిన.

సరే సూద్దామన్నరు. నవమి నాడు గుళ్లె అయ్యగారు తాళి ఎత్తిండు. చిన్నాయిన డోలు మీదికి కర్ర లేపిండు. అన్న మొహం చూసి, లేపిన కర్రను కింద పెట్టి వేళ్లతోని మెల్లగ అందుకున్నడు. నాయిన బుగ్గలు ఉబ్బించి కమాను గుంజిండు. ఆ స్వరం ఎంత దూరం పోయిందో! తెగదు, వణకదు. కూసున్నోళ్లు సన్నాయి ఏడుందని తలలు తిప్పి దేవులాడిన్రు. సప్పుడు చిన్నది గదా, ఇగ తుమ్ము వినవడితె రాములవారి లగ్గానికే దోషమాయె. ముసలోళ్లు ముక్కులు పట్టుకున్నరు. తల్లులు పిల్లల నోళ్లు మూసిన్రు. పటేలుకు దగ్గొస్తుంటె తువ్వాల నోట్లె కుక్కుకున్నడు. ఊరు ఊరంత ఊపిరి బిగవట్టింది, మా నాయినతోని కలిసి. అమ్మ పక్కన నేను గూడ బిగవట్టిన. తాళి ముడి పడి కమాను ఆగినంక గుడంత ఒక్కపారి ఊపిరి ఇడిసింది. పటేలు తువ్వాల తీసి, ఇగ పక్కూరికి కబురు పంపొద్దన్నడు.

మొన్న లిఫ్టుల మీదింటి పిలగాడు కలిసి, "సారీ అమ్మమ్మా, ఈ వయసులో నాకు వస్తదంటరా?" అన్నడు. ఊపిరి బిగవట్టి గుంజు బిడ్డా అన్న. పిచ్చిదనుకున్నడో ఏమో. ఈ పొద్దు మాత్రం ఒక్క స్వరం, ఒకే ఒక్కటి, జర పొడుగ్గ వచ్చింది. అది ఆగేదాంక నేను ఊపిరి తీసుకోలేదని తర్వాత తెలిసింది. ఆ లగ్గమై డెబ్బై ఏండ్లు దాటినయ్ గాని, ఆనాడు గుళ్లె బిగవట్టిన ఊపిరి నేనింక పూరాగ ఇడువనే లేదు.