చేతులు తగలకూడని కారు

ఇరవయ్యేళ్లు కోళ్లు గుడ్లు పెట్టుకున్న కారుకి 2003లో ఒక్కసారిగా వంశగౌరవం వచ్చింది.

కారు జగన్నాథరావుగారిది. ఆయనకి పలాసలో జీడి ఫ్యాక్టరీ, ఉద్దానంలో కొబ్బరితోటలు, ఏ పార్టీ గెలిచినా సభలో ముందు వరసలో ఒక కుర్చీ ఉన్నాయి. విశాఖపట్నం బీచి రోడ్డులో పాతకార్ల ఊరేగింపు జరగబోతోందని అల్లుడు జయకృష్ణ ఫోను చేసిన మర్నాడే ఫ్యాక్టరీ వెనక షెడ్డులోంచి కోళ్లని తరిమేశారు. కాశీబుగ్గలో లారీలు బాగుచేసే పైడిరాజుకి కబురెళ్లింది.

పైడిరాజు నౌపడ ఉప్పుమళ్లలో పుట్టాడు. తల్లి ఉప్పు పోగేస్తుంటే గట్టు మీద ఆడుకున్నాడు, మూడో తరగతితో బడి మానేసి ఉప్పు లారీల కిందికి దూరాడు. అక్కడ పని నేర్చుకున్నవాడికి తుప్పు గురించి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. వేలితో తట్టి, ఏ రేకు బతికుందో, ఏది రంగు కింద చచ్చిపోయిందో చెప్పేస్తాడు.

కోళ్ల రెట్టలు పడ్డ టార్పాలిన్ లాగేసరికి లోపల్నుంచి పాతబావిలో వచ్చే వాసన లాంటిది కొట్టింది. 1954 నాటి డాడ్జి. పల్లకీ అంత వెడల్పు, ముందు పళ్లికిలించినట్టు క్రోమ్ కమ్మీలు. జగన్నాథరావు తండ్రి ఎవరో జమీందారు దివాలా తీస్తే కొన్నాడట.

"దుప్పటి కప్పి సంపేసినారు బాబూ," అన్నాడు పైడిరాజు కింద పడుకుని చూసి. "సముద్రం గాలి లోనకి దూరిపోనాది, బైటికి రాడానికి దారి లేదు. కప్పకుండా వదిలేసినా ఇంతకన్నా బాగుండును."

"జాగ్రత్త చేశాంరా," అన్నాడు జగన్నాథరావు నొచ్చుకుంటూ.

ఆయన జాగ్రత్తలన్నీ ఆ జాతివే. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లకి మంచినీళ్ల కుండ పెట్టించి దానికి తాళం వేయించిన మనిషి.

ఆ ఆడవాళ్లలో పైడిరాజు భార్య కాంతం ఒకతి. పద్నాలుగేళ్లుగా పిక్కలు కొడుతోంది. వేయించిన జీడిపిక్కని చిన్న సుత్తితో పగలగొట్టి, పప్పు విరక్కుండా తీయాలి. పప్పు తెల్లగా వస్తుంది, తొక్కలోని నల్లనూనె వేళ్లకి మిగులుతుంది. అది చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం రాసినా, బూడిద పూసినా పూట వరకే. కాంతం కుడి బొటనవేలు మీద పడిన చీలిక వానాకాలం నుంచీ మూసుకోలేదు. అన్నం కలిపితే ఉప్పు తగిలి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ వేలు పోతే ఆమె పని పోయినట్టే.

ఆ వానల్లోనే అరవై మందిలో నలుగురు ధైర్యం చేసి రబ్బరు గ్లౌజులు అడిగారు. ముందు నిలబడింది కాంతమే.

"గ్లౌజులేసుకుంటే వేళ్లకి తెలివుండదమ్మా. గుండుపప్పు బద్దలైపోతుంది. మీ మంచికే చెప్తున్నాను," అన్నాడు జగన్నాథరావు.

ఆ రోజు ఇంటికొచ్చాక పైడిరాజు కూడా ఆయన పక్కే మాట్లాడాడు. "బాబుతోటి మనకెందుకే? రేపు బాబు లారీలు రాకపోతే నా పనీ పోద్ది."

కాంతం ఎడంచేత్తో అన్నం తిని లేచిపోయింది.

ఇప్పుడు అదే బాబు, "నువ్వు మెకానిక్కు కాదురా పైడీ, డాక్టరువి" అని భుజం తడితే పైడిరాజు ఉబ్బిపోయాడు. బిగుసుకుపోయిన ఇంజన్ని ఎవరైనా తొందరపడి తిప్పేస్తారు, లోపల గీతలు పడిపోతాయి. అతను ప్లగ్గులు ఊడదీసి, ఆరు సిలిండర్లలోనూ కిరసనాయిలు కలిపిన ఆయిలు పోసి, వారం రోజులు దాని జోలికెళ్లలేదు. ఎనిమిదో రోజున ఇంజన్ చక్రాన్ని బిడ్డని కదిపినట్టు కదిపాడు. పెట్రోలు ట్యాంకు విప్పి, గులకరాళ్లేసి ఊపి, జిగురంతా కక్కించాడు. బ్రేకుల్లో రబ్బర్లన్నీ మార్చాడు. తుప్పు గీకకుండా లప్పం పెట్టి రంగేసెయ్యమన్నవాళ్లని గుమ్మంలోంచే పంపేశాడు.

జయకృష్ణ విశాఖపట్నం నుంచి ముప్ఫై కాయితాలు పట్టుకొచ్చాడు. అమెరికాలో పాతకార్లు పోషించుకునేవాళ్ల సలహాలట, ఇంటర్నెట్ సెంటర్లో అచ్చు తీయించాడు. పడక్కుర్చీలో కూర్చుని తెలుగు చేసి చదివేవాడు.

"షెడ్డులో గాలి తడి కొలవడానికి మీటరు పెట్టాలట. తడి ఎక్కువైతే ఏసీ వెయ్యాలట."

"అమ్మో, ఏసీయే! మరి కారుకి కంబళి కూడా వాళ్లే ఇత్తారేటి బాబూ?"

"నవ్వకు. బండిని వారానికోసారైనా నడపాలట."

"అది నిజమే. ఆ కాయితం రాసినోడికి పని తెల్సు."

"క్రోమ్‌ని వట్టి చేతుల్తో ముట్టుకోకూడదట. చెమట అంటితే పాడైపోతుందట. గ్లౌజులు తప్పనిసరి."

పైడిరాజు నవ్వు అక్కడ ఆగిపోయింది.

మూడోరోజుకి రెండు డజన్ల జతలు వచ్చాయి. పెళ్లికొడుకు మేజోళ్లలా తెల్లటి నూలు గ్లౌజులు. కారు మెరుగుపెట్టడానికి ఇరవైనాలుగు మంది ఆడవాళ్లని పిక్కల దగ్గర్నుంచి లేపి తెచ్చారు. పప్పు విరక్కుండా మీది పొర తీసే వేళ్లు కదా, క్రోమ్ మీద గీతపడదని జయకృష్ణ తెలివి. ముసలి పెద్దతల్లి చేతులు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది.

"ఓలమ్మ! నా సేతులు దొరసానివైపోనాయే కాంతం! ఇంటికెల్తే ముసిలోడు గుమ్మంలోకి రానిత్తాడో లేదో."

పొద్దు వాలేసరికి కారు అద్దంలా ఉంది. గ్లౌజులు తీసి లెక్కపెట్టబోయిన జయకృష్ణ మొహం చిట్లించాడు. వాటి మీద లోపల్నుంచి ఊరిన గోధుమరంగు వేలిముద్రలు. కాంతం జతలో బొటనవేలి దగ్గర ఎర్రటి చుక్క.

"ఛీ, ఏంటిది?"

"మీ పప్పు తెల్లగుంటాది గదా బాబూ. దాని నలుపు మా కాడ ఉండిపోద్ది," అంది కాంతం.

"నూలువి కదా, ఊరిపోయాయి. దీనికి రబ్బరువే వాడాలి," అని జయకృష్ణ వాటిని కర్రతో ఎత్తించి పిక్కలు వేయించే బట్టీలో పడేయించాడు. మావగారు పక్కనుంచి హెచ్చరించారు. "ఇక కారు దగ్గరికి ఎవరూ రావద్దు. మీ చేతులకేం అంటినా ఫర్వాలేదు, ఆ చేతులు మాత్రం కారుకి తగలకూడదు."

ఎంత స్పష్టమైన మనిషి! ఆయన మనసులోని తూకం ఇంత విప్పి ఇంకెవరూ చెప్పలేరు.

ప్రయాణం రోజున జయకృష్ణ హెడ్‌లైట్లు వెలిగించి, కారు మీద ఒక చెయ్యి వేసి, గంటసేపు ఫొటోలు తీయించుకున్నాడు. ఆరు ఓల్టుల బ్యాటరీ, దీపాలు ఎక్కువసేపు వద్దని పైడిరాజు రెండుసార్లు చెప్పాడు. కాయితాల్లో లేని సలహా కాబట్టి ఎవరూ వినలేదు. మావగారు పట్టుపంచెతో ఎక్కి కూర్చున్నాక డ్రైవరు స్టార్టరు నొక్కితే, కారు ముసలాయన గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి ఊరుకుంది.

సాయంత్రం అయిదింటికి విశాఖపట్నంలో పేరు రాయించుకోవాలి. తిప్పి స్టార్టు చేసే హ్యాండిలు ఏనాడో పాత ఇనుములో పోయింది.

"లారీ బ్యాటరీ తగిలించు," అన్నాడు జయకృష్ణ.

"అది పన్నెండు ఓల్టులు బాబూ. దీని బల్బులన్నీ పేలిపోతాయి."

"జీపుకి తాడు కట్టి లాగిస్తే?"

"బంపరు గీసుకుపోద్ది, మీ ఇష్టం."

ఇక మిగిలింది తోయడమే. బస్తాలు మోసే కళాసీలంతా లోడు మీద టెక్కలి వెళ్లారు. జగన్నాథరావు తల బయటపెట్టి కేకేశాడు. ఇరవై మంది ఆడవాళ్లొచ్చి కారు వెనక నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.

"తొయ్యండే!"

"గ్లౌజుల్లేవు బాబూ," అంది కాంతం. "ఉత్త సేతుల్తో ముట్టుకుంటే పాడైపోద్దని మీరే సెప్పినారు."

"ఇప్పుడు ఫర్వాలేదు!"

"మాకెందుకొచ్చిన నింద? రేపు మచ్చ పడితే మా సేతులే అంటారు. నూలువి పనికిరావు, రబ్బరువే గావాలని అల్లుడుబాబు అన్నారు గదా."

వెనకనుంచి పెద్దతల్లి అందుకుంది. "ఇరవై మందిమి సాలం బాబూ. ఇది ఏనుగులాగుంది. అరవై మందిమీ పట్టాల. అరవై జతలు."

జగన్నాథరావు మెడమీద నరాలు లేచాయి. పైడిరాజు వైపు తిరిగాడు. "ఒరే పైడీ, నీ పెళ్లానికి చెప్పు!"

పైడిరాజు కాంతాన్ని చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. చీలిక పడ్డ వేలిని పిడికిట్లో దాచుకుని, కారు వైపే చూస్తోంది. వానాకాలంలో ఆమె ఎడంచేత్తో తిన్న అన్నం అతనికి గుర్తొచ్చింది.

"నానేటి సెప్పేది బాబూ," అన్నాడు. "కాయితాల్లో అలగే రాసుంది గదా." తన చేతులు రెండూ లుంగీలో తుడుచుకుని వెనక్కి కట్టుకున్నాడు.

జయకృష్ణ గడియారం చూసుకున్నాడు. మావగారు అల్లుణ్ణి చూశారు. జీపు కాశీబుగ్గ బజారుకి వెళ్లి, మూడు దుకాణాలు వెతికి, ముప్పావుగంటకి అరవై జతల రబ్బరు గ్లౌజులు తెచ్చింది. కారు ఇరవై గజాలు కదలగానే పొగ కక్కి దూకింది. ఆయన పట్టుపంచె మీద మసి పడిందో లేదో ఎవరూ చూడలేదు. ఆడవాళ్లు గ్లౌజులు తీయకుండానే పీటల మీదికి వెళ్లి కూర్చున్నారు.

ఊరేగింపులో ఎవరూ ఆ కారుని పట్టించుకోలేదట. ఇంటికి రాగానే మళ్లీ టార్పాలిన్ కప్పేశారు. గుండుపప్పు మాత్రం ఎప్పట్లానే దిగింది, ఒక్క బద్ద కూడా ఎక్కువ కాలేదు. కాంతం వేలి చీలిక నెలన్నరకి మూసుకుంది. మూడోనెలకి గ్లౌజులు చిరిగాయి. కొత్తవి అడిగితే, "మొన్ననే కదా ఇచ్చాను" అన్నాడు జగన్నాథరావు.

మరుసటేడు ఊరేగింపుకి మళ్లీ కబురొచ్చింది. కారు కదలడం లేదట, డాక్టరు రావాలట.

పైడిరాజు లారీ కిందనుంచి బయటికి రాకుండానే జవాబు చెప్పాడు.

"బాబుకి సెప్పు. ముందు అరవై జతలు ఫ్యాక్టరీకి సేరాల. మా ఆడది సేతికి తొడుక్కుని ఇంటికొచ్చి సూపించాల. అప్పుడు నానొత్తాను."