మా చెల్లెలి గదికి నేను లాగిన తీగ

నేను చదివింది ఊరి బడిలో ఎనిమిదో తరగతి వరకే. అయినా టెలిఫోను శాఖలో ముప్పై ఆరేళ్లు తీగలు అతికాను. భూమిలో పాతిన లావుపాటి కేబుల్ ఒకటి తెగితే లోపల ఎనిమిది వందల సన్న తీగలుంటాయి. రంగుకు రంగు వెతికి పట్టుకుని, నడుము లోతు గోతిలో కూర్చుని, వానలో కూడా అతికేవాణ్ణి. రెండుసార్లు ఉత్తమ జాయింటరుగా పతకం ఇచ్చారు. వరదొచ్చిన ఏడాది ఆసుపత్రి లైను పదకొండు గంటల్లో నిలబెట్టినందుకు పెద్ద ఇంజనీరు నా భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. ఇవన్నీ గొప్పకు చెప్పడం లేదు. చెప్పకపోతే మా చెల్లెలి సంగతి అర్థం కాదు.

ఆమె నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. పదహారో ఏట చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. మొదట దారాలు కత్తిరించేది, తరువాత చెకింగ్ బల్ల దగ్గరకు మారింది. ముప్పై మూడేళ్లు నిలబడే పనిచేసింది. కాలరు మీద బొటనవేలు పోనిచ్చి, "ఇక్కడ కుట్టు జారింది" అనేది. దారం విప్పి చూస్తే జారే ఉండేది. లారీ గుమ్మంలో నిలబడినా, సూపర్‌వైజరు నెత్తిన కూర్చున్నా తప్పు ముక్కను దాటనిచ్చేది కాదు. వంకలు పెడుతుందని అక్కడ ఆమెకు 'వంకలక్క' అని పేరు. పెళ్లి చేసుకోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఇంటి వెనక గదిలోకి వచ్చింది.

మా అమ్మాయి ఉద్యోగం మారి వేరే ఊరు వెళుతూ తన కంప్యూటరును ఆ గదిలోనే వదిలి వెళ్లింది. మా చెల్లెలు చేతులు కట్టుకుని కూర్చోలేని మనిషి కదా, దాంట్లో ఒక ఆట నేర్చుకుంది. ఐదుగురు ఒక జట్టు. ఎవరి ఊళ్లో వాళ్లుండి, అందరూ కలిసి ఒక వంతెనను కాపాడాలి. ఎదుటివాళ్లు ఎటునుంచి దూకుతారో ముందుగా పసిగట్టేది ఆమే. ఏడాది తిరిగేసరికి కెప్టెన్‌ను చేశారు. ఒక లిఫ్టు మెకానిక్కు, ఒక నర్సు, బేకరీ నడిపే ఆయన, లెక్కల టీచరమ్మ. వీళ్లంతా యాభై మూడేళ్ల మా చెల్లెలి మాట కోసం ఊపిరి బిగబట్టి ఆగేవారు. "ఎవరూ కదలొద్దు. నేను చెప్పాకే" అనేది. ఆ గొంతు మా ఇంట్లో అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

చిక్కు వైఫైతో వచ్చింది. ఆ పెట్టె ముందు గదిలో, ఇనుప బీరువా వెనక ఉండేది. వెనక గదికి చేరాలంటే రెండు గోడలు దాటాలి. ఆమె మీట నొక్కిన కబురు అటు వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో తెర మూలలో ఒక అంకె చూపిస్తుంది. ముప్పై ఉండవలసింది మూడు వందలు దాటేది.

"నేను తుపాకీ ఎత్తేలోపే నన్ను పాతేసి పోతున్నారన్నయ్యా," అంది ఒకరోజు నవ్వుతూ. తరువాత నవ్వు ఆపేసింది. "పెద్ద పోటీకి పేర్లివ్వాలి. రాబోయే నాలుగు ఆదివారాలూ మా జట్టువాళ్లు నా ఆట చూస్తారు. ఇట్లాగే నిలబడిపోతే కెప్టెన్‌గా నా పేరివ్వరు."

ఇంటర్నెట్ కంపెనీ కుర్రవాణ్ణి పిలిపించాను. అతను పెట్టెను బీరువా వెనక నుంచి తీసి నడవలో ఎత్తున పెట్టాడు. అంకె తొంభైకి దిగింది. "ఇంకా తగ్గాలంటే ఆంటీ కంప్యూటరుకి నేరుగా వైరు లాగాలండీ. బజార్లో దొరుకుతుంది, ఒకటే ముక్క తీసుకోండి," అని చెప్పి వెళ్లాడు.

తీగ లాగమని నాకు ఇంకొకడు చెప్పాలా? అటక ఎక్కి, ఉద్యోగం నాటి కేబుల్ ముక్కలు దించాను.

మా ఆవిడ కింద నిచ్చెన పట్టుకుని, "ఏమండీ, కొత్తది కొనుక్కొస్తే సరిపోదూ? ఆ చుట్టలు చూస్తే చాలు, మీకు పెళ్లికొడుకు కళ వచ్చేస్తుంది," అంది.

"నీకేం తెలుసు? రాగి ఎప్పుడైనా రాగే."

"అవును, మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నెమ్మదిగా దిగండి."

మూడు ముక్కలు, రెండు అతుకులు. తీగల మెలికలన్నీ విప్పి, దువ్వినట్టు సాపు చేసి, ఎప్పుడూ చేసినట్టే అతికాను. పైన టేపు చుట్టి గోడ అంచు వెంట మేకులు కొట్టాను. అతుకు ఎక్కడుందో కంటికి ఆనదు. తీగ తగిలించగానే అంకె ఇరవై ఎనిమిది చూపింది. "చూశావా!" అన్నాను.

చెల్లెలు గోడ దగ్గర వంగి తీగ మీద బొటనవేలు పోనిచ్చింది. ఒకచోట ఆగింది. నా ముఖం వంక చూసింది.

"బాగుందన్నయ్యా," అంది.

ఆ నాలుగు ఆదివారాలూ మధ్యాహ్నం భోజనం కాగానే ఆమె వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చినవాళ్లకల్లా తీగ చూపించాను. మొదటి వారం ఆట సగంలో ఆమె బొమ్మ వంతెన మీద బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి వంతెన పోయింది. రెండో వారమూ అంతే. మూడో వారం లిఫ్టు మెకానిక్కు గొంతు స్పీకరులో గట్టిగానే వినిపించింది.

"కెప్టెన్, ఏమైంది? దిష్టిబొమ్మలా నిలబడిపోయావు! లైను బాలేదా?"

"లైను బంగారంలా ఉందయ్యా. నా చెయ్యే ఆలస్యమైంది. వయసు."

నాలుగో ఆదివారం వాళ్లు అడగకముందే తానే చెప్పింది: "టీచరమ్మ పేరివ్వండి. నాకిక వేళ్లు తిరగడం లేదు." అవతలి నుంచి నర్సు, "మీరు నేర్పించిందే కదక్కా మాకు," అంది.

నాకు కోపం వచ్చింది. "యాభై మూడుకే వేళ్లు పడిపోతాయా? నేను యాభై ఎనిమిదిలో స్తంభమెక్కాను!" అన్నాను.

"అందరూ నీలా ఉంటారా అన్నయ్యా," అంది కంప్యూటరు ఆపేస్తూ.

నెల తరువాత పెట్టె మార్చడానికి ఆ కంపెనీ అతనే వచ్చాడు. తన చేతిలోని యంత్రాన్ని తీగకు తగిలించి రెండుసార్లు చూశాడు. గోడ వెంట నడిచి, ఆరోజు చెల్లెలి బొటనవేలు ఆగిన అతుకు దగ్గరే ఆగాడు.

"ఇది ఎవరు వేశారండీ?"

"నేనే. ఏం?"

"ఫోనుకైతే వంక పెట్టలేని పనండీ. గొంతు కాస్త గరగరమన్నా మనిషి అర్థం చేసుకుంటాడు. కంప్యూటరుకి ఆ తెలివి లేదు. మెలికలు ఉంటేనే ఒక తీగ మాట ఇంకో తీగలోకి పోదు. మీరు విప్పేశారు. ఆట జోరు మీదున్నప్పుడు వందలో తొమ్మిది కబుర్లు దారిలోనే పోతున్నాయి. మొదటి రోజు నుంచీ ఇంతే అయ్యుంటుంది."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు, అది నేనే. ముప్పై మూడేళ్లు ఒక్క జారిన కుట్టును కూడా దాటనివ్వని మనిషి నా తీగను దాటనిచ్చింది. దాన్ని పీకి పక్కన పడేస్తే వైఫైతోనే, తొంభైలోనే, ఏదో విధంగా నెగ్గుకొచ్చేది. పీకలేదు. వెనక స్టూలు మీద నేను కూర్చుని ఉన్నాను కదా.

ఆ పూటే బజారుకు వెళ్లి ఒకటే ముక్క కొనుక్కొచ్చాను. ఆ అబ్బాయి చేతే లాగించాను. తరువాతి ఆదివారం జట్టు ఆటకు కలిసే వేళకు, చెల్లెలు బజారుకు వెళ్లి ఉండగా, నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. తప్పు నాదని ఒప్పుకుంటే ఆమె చోటు ఆమెకు తిరిగి వస్తుందనుకున్నాను. పరాయివాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం నాకు జీవితంలో అదే మొదటిసారి. పేరూ ఊరూ తెలియని నలుగురికి అంతా చెప్పాను. తీగ నాదని, ఆమెకు మొదటి రోజే తెలుసునని, నా మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదని.

ముందు బేకరీ ఆయన అన్నాడు: "అంటే తెలిసే ఆడిందన్నమాట. మేము నాలుగు వారాలు పని మానుకుని కూర్చున్నామండీ."

లిఫ్టు మెకానిక్కు, "పేర్లు పంపేశాం పెద్దాయనా," అని మాత్రం అన్నాడు.

చెల్లెలు గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. సంచి కింద పెట్టింది.

"ఎందుకు చెప్పావన్నయ్యా? చెయ్యి పడిపోయిన కెప్టెన్‌గా ఉంటే నన్ను తలుచుకునేవాళ్లు. ఇప్పుడు, అన్న ముఖం చూసి జట్టును ముంచిన దాన్నయ్యాను."

అరవలేదు. వైరు పీకి, చుట్ట చుట్టి, మా ఆవిడ చేతికిచ్చింది.

ఇప్పుడు ఇరుగు పొరుగు ఆడవాళ్లకు గుండీలు కుట్టి పెడుతుంది, అంచులు మడిచి పెడుతుంది. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నేను ఆ గదిలోకి వెళితే కొంచెం జరిగి మంచం మీద చోటిస్తుంది. "టీ తాగావా అన్నయ్యా" అంటుంది. తాగానంటాను. ఆ పైన మాట్లాడడానికి మా ఇద్దరికీ ఏమీ ఉండదు.