సందూక మీద చేపల తొట్టి

అది 2006 చలికాలం. నాచారంలో అక్వేరియం షాపు పెట్టి నాలుగేళ్లయింది. చేపల వ్యాపారంలో నాకు తెలియనిదేమీ లేదనుకుంటున్న రోజులు. ఉప్పల్‌లో ఉండే యాదగిరి అనే గూడ్స్ రైలు డ్రైవరు నా దగ్గర కొన్న చేపల తొట్టి పంపు చేతపట్టుకుని మూడోసారి వచ్చాడు.

"అన్నా, గిది ఇంకా మోగుతనే ఉంది. రాత్రంత బండి నడిపొచ్చి పగటిపూట పండుకుంటే కన్ను మూతవడ్తలేదు. నిద్ర లేకుండ ఇంజన్ల కూసోవాలంటే భయమైతుంది. తొట్టి వాపస్ తీస్కో."

నీళ్లలో మునిగి ఉండి నీటిని తిప్పే ఈ మోటారును సబ్‌మెర్సిబుల్ పంపు అంటాం. అందులో తిరిగే చిన్న రెక్కల చక్రం ఇంపెల్లర్. మొదటిసారి వచ్చినప్పుడు దానికి పట్టిన బోరు నీళ్ల ఉప్పును నిమ్మరసంలో నానబెట్టి వదిలించాను. రెండోసారి కొత్త పంపే ఇచ్చాను. షాపులో బకెట్లో వేసి చూస్తే రెండూ చడీచప్పుడు లేకుండా తిరిగాయి. ఈ మనిషికి చాదస్తమని లోలోపల విసుక్కున్నాను కూడా.

"వాపస్ సంగతి తర్వాత. పంపు తీస్కపోయి మళ్ల పెట్టు, జర ఇంటికొచ్చి సూస్త" అన్నాను.

మర్నాడు పొద్దున వెళ్లాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన యాదగిరి లోపలి గదిలో కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. ముందు గదిలో ఇనుప సందూక మీద తొట్టి గుయ్‌మంటోంది. దానికి ఎదురుగా మంచంలో అతని తల్లి. పక్షవాతంతో లేవలేని ఆమెకు పొద్దుపోవడానికే ఆ తొట్టి కొన్నారని కోడలు చెప్పేదాకా నాకు తెలియదు.

పంపు విప్పాను, తుడిచాను, బిగించాను. అదే మోత.

"తీస్కపో బిడ్డా" అంది ముసలమ్మ, చేపల మీంచి చూపు తిప్పకుండానే. "ఇవి లేకున్నా నేను బతుకుత. వాడు రైలు నడిపెటోడు. వానికి నిద్ర గావాలె."

నాకు చాలా బాధనిపించింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఎప్పటిసంది మోగుతుందమ్మా?" అని అడిగాను.

"రగ్గులు తీసినకాడికెల్లి."

"ఏం రగ్గులు?"

"సందూకలయి. చలి వెడుతుందని తొట్టి దించి తీసిన్రు. గప్పటిసంది గిదే మోత."

వేలితో సందూకను తట్టాను. ఖాళీ డబ్బాలా మోగింది. తప్పు పంపుది కాదు. దాని అదురు అద్దంలోంచి దిగి, ఖాళీ ఇనుపపెట్టెలో పెద్దదవుతోంది. పంపును అద్దానికి అంటిపెట్టే రబ్బరు సక్షన్ కప్పులు మాత్రం తొట్టిలోనే ఉండిపోయిన పాతవి; అవి గట్టిపడి అదురును ఆపడం మానేశాయి.

చేపలను బకెట్లోకి మార్చి, కోడలూ నేనూ నీళ్లు తోడి తొట్టి దించాం. సందూక నిండా పాత బట్టల మూటలు కుక్కాం. పైన ఫోమ్ షీటు పరిచి, కొత్త కప్పులు వేసి స్విచ్ నొక్కాను. నీళ్ల గలగల తప్ప ఇంకేమీ వినిపించలేదు. కాసేపటికి లోపలి గదిలోంచి గురక మొదలైంది.

"ఒక మోత బంద్ జేసి ఇంకోటి షురూ జేసినవు" అంది ముసలమ్మ నవ్వుతూ. "గీ మోత ఉండనీ బిడ్డా."

పగలంతా ఆ తొట్టి పక్కనే ఉన్న మనిషిని అన్ని రోజుల్లో ఎవరూ ఒక్క మాట అడగలేదు. మాటల కోసం వెతుక్కోకపోతే నేనూ అడిగేవాణ్ని కాదు. ఇప్పుడు ఎవరైనా పంపు మోగుతోందని వస్తే, తొట్టి ముందు ఎక్కువసేపు ఉండేదెవరో కనుక్కుంటాను. వాళ్లతో మాట్లాడాకే పంపు మీద చెయ్యి వేస్తాను.