బక్కయ్య చేసిన ఆరామ్

పగటిపూట నడుము వాల్చిన మనిషిని చూస్తే బక్కయ్యకు ఒళ్లు మండేది. జ్వరమొచ్చినవాడైనా, రాత్రి పాళీ చేసి వచ్చినవాడైనా ఆయన లెక్కలో సోమరిపోతే. సిరిసిల్ల పక్క ఊరి నుంచి పడుచువాడిగా సూరత్ వచ్చి, ఖటోదరాలో మరమగ్గాల మీద, వాళ్ల మాటలో సాంచెల మీద, బట్ట నేస్తూనే తల నెరిపించుకున్నాడు. కరెంటు పోయి సాంచెలు ఆగితే తోటివాళ్లు గోడ నీడన పేకముక్కలు పంచుకుని పత్తాలాడుకునేవాళ్లు. ఈయన మాత్రం ఎవరూ చెప్పకుండానే మిషన్ల కింద నూనె మరకలు తుడిచేవాడు. దీపావళి సెలవులకు ఊరంతా తాళాలేసుకుని తిరగడానికి పోతే, ఈయన తానుండే కోసాడ్ కాలనీ నుంచి బస్సెక్కి వెళ్లి, కార్ఖానా తాళం ఒకసారి లాగి చూసి వచ్చేవాడు. ఆ తాళం ఎటూ పోలేదు, ఈయనను కాపలా పెట్టినవాడూ లేడు.

ఆయన భార్య భూదేవి ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తుంది. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, చాపుకున్న కాళ్లు ముడుచుకుని చీర ఒళ్లోకి లాక్కునేది. గర్భసంచి ఆపరేషనై పడుకున్నప్పుడు కూడా, "ఇంకెన్ని దినాలు పండుతవే?" అని అడిగిన మహానుభావుడు ఆయన. ఆ మాట ఆమె మరిచిపోలేదు. మరిచిపోవాలని అనుకోనూ లేదు.

అలాంటి బక్కయ్య ఈ ఎండాకాలం సాంచె పక్కనే కళ్లు తిరిగి పడిపోయాడు. బీపీ బాగా పెరిగిందన్నాడు డాక్టరు. గోలీలు సగం పనే చేస్తాయనీ, మిగతా సగం ఊరికే పడుకోవడమే చేయాలనీ చెప్పాడు. అదీ ఏదో నేరం చేస్తున్నట్టు కాకుండా, మనసు తేలిక చేసుకుని పడుకుంటేనే నరాల బిగువు తగ్గుతుందట, నిద్ర పడుతుందట, గుండెకు తెరిపి దొరుకుతుందట. బక్కయ్య అంతా విని, దానికి సూది మందు లేదా అని అడిగాడు.

ఇంటికొచ్చాక భూదేవితో, "కాలనీల ఎవ్వలకు చెప్పకు. బక్కయ్య మూలకు పడ్డడంటరు," అన్నాడు. ముఖ్యంగా పద్మారాణికి తెలియకూడదట. పద్మారాణి కింది అంతస్తులో ఉంటుంది, రాళ్లు అతికించడానికి ఇంటింటికీ చీరల మూటలు పంచుతుంది, వాటితో పాటు కబుర్లు కూడా పంచుతుంది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరాడు.

"ఎటు పోతున్నవ్? పండుమన్నరు కదా," అంది భూదేవి.

"తోటల బెంచీ మీద పండుత. ఇంట్ల పండితే అందరు చూస్తరు."

రోజూ అదే తంతు. రోజూ సాయంత్రం పాదాలు వాచి వచ్చేవాడు. రోగం వల్లనేమోనని వేడినీళ్లు పెట్టి ఇచ్చేది భూదేవి.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళితే బీపీ ముందుకంటే ఎక్కువుంది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఒక్క నిమిషం ఆగకుండా ఆరామ్ చేశానని బక్కయ్య వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాడు. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. తోటలో కూర్చోవడం చేతకాక రింగ్ రోడ్ బట్టల బజారుకు పోయాడట. అక్కడ హమాలీలు మూటలు మోయలేక మోస్తుంటే చూడలేక ఒక చెయ్యి వేశాడట. రోజూ వేశాడట, పుణ్యానికి. ఇట్లాగే ఉంటే తలలో నరం చిట్లుతుందని డాక్టరు మొహం మీదే అన్నాడు.

భూదేవికి భయమేసింది. భయం కంటే ఎక్కువ కోపమొచ్చింది. ఈ మనిషి చావనైనా చస్తాడు గాని, పడుకుని నలుగురికీ కనబడడు. ఎందుకంటే అందరినీ ఏమేం అన్నాడో ఆయనకు బాగా గుర్తుంది. ఊళ్లోవాళ్ల మీద పారేసుకున్న నోటికి ఇప్పుడు తానే దడుస్తున్నాడు.

తెల్లవారి ఆమె టిఫిను కట్టలేదు. డబ్బా ఏదని ఆయన వెతుకుతుంటే, తలుపు బార్లా తెరిచి, రాళ్లు అతికించాల్సిన చీరల మూట గోడకు నెట్టి, నడి ఇంట్లో చాప పరిచి పడుకుంది.

"ఏమైందే, జరమా?"

"లేదు."

"నడుము నొస్తుందా?"

"ఏం నొస్తలేదు. ఊకె పండుకున్న."

బక్కయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్లూ అన్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. అవి భూదేవికీ కంఠతా వచ్చు. అంటే అననీ అని కళ్లు మూసుకుంది. ఆయన తలుపు దగ్గరికీ కిటికీ దగ్గరికీ చాలాసేపు తిరిగాడు. చివరికి కాళ్లు లాగినట్టున్నాయి.

"జర జరుగు," అన్నాడు.

"నీ చాప నువ్వు తెచ్చుకో."

తెచ్చుకున్నాడు. పరిచాడు. పడుకుంటుండగానే మెట్ల మీద అడుగులు వినిపించాయి. పద్మారాణి వాకిట్లో నిలబడింది.

"వదినె, చీరలైనయా? అయ్యో, పండుకున్నవేంది? అన్నా, నువ్వు గూడ ఇంట్లనే ఉన్నవ్. పెయ్యి మంచిగ లేదా ఏంది ఇద్దరికి?"

భూదేవి కదల్లేదు. ఎప్పటిలా అదిరిపడి లేవడానికి ఒళ్లంతా గుంజింది, అయినా లేవలేదు. ఆయన ఏదో ఒక రోగం పేరు చెబుతాడని తెలుసు. తనకే అంటగడతాడని కూడా తెలుసు. పక్కన బక్కయ్య లేచి కూర్చున్న చప్పుడైంది. గొంతు సవరించుకున్నాడు.

"మంచిగనే ఉన్నది చెల్లె," అన్నాడు. సాంచెల మోతలో అరిచి అరిచి మెల్లగా మాట్లాడటం మరిచిన మనిషి, ఆ మాట గుసగుసలాగే అన్నాడు. "ఆమె ఊకె పండుకున్నది. నేను గూడ ఊకెనే పండుకుంటున్న. చీరలు రేపు అయితయి."

ఆపరేషన్ నాడు అనాల్సిన మాట ఇప్పుడొచ్చిందా అనుకుంది భూదేవి. మెచ్చుకోవాలనిపించలేదు. పద్మారాణి మెట్లు దిగిపోయింది, సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది.

ఆయన మళ్లీ చాప మీద వాలాడు. కాసేపాగి, "ఎంతసేపు పండాలెనే?" అని అడిగాడు. భూదేవికి అప్పటికే నిద్ర పట్టింది.