రెండు తీపి మాటల మధ్య

బాబాయ్ గారు మెచ్చుకున్నారంటే చాలు, ఆ ఆఫీసులో ఎవరికైనా గుండె గుభేలుమనేది.

అదంతా శిక్షణ మహిమ. తాళాలు తయారుచేసే ఆ కంపెనీలో ఉద్యోగులకు మాట్లాడటం నేర్పడానికి ఒక కోటు పెద్దమనిషి వచ్చాడు. "చేదు మాట చెప్పాల్సొస్తే ముందొక తీపి మాట, వెనకొక తీపి మాట చెప్పండి. ఇక మీ కెరీర్ దూసుకుపోతుంది" అన్నాడు. అందరూ టీ తాగేసి మరిచిపోయారు. ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే సూపర్‌వైజరు గారు మాత్రం వేదవాక్కులా పట్టుకున్నారు.

"చొక్కా అదిరిందోయ్. నీ సెలవు రద్దయింది. చేతిరాత మాత్రం ముత్యాలే" అనేవారు గుమాస్తాతో. ఇంట్లోనూ అదే వరస. "వంట అమోఘం" అనగానే భార్య నిలదీసేది.

"ఉప్పెక్కువైందా?"

"కొంచెం... గాజులు భలే ఉన్నాయే నీకు!"

"పెళ్లినాటివండీ ఇవి. ఇప్పటికి కనబడ్డాయా?"

ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చునే అమ్మాయికి మాత్రం ఆ శిక్షణ ఒంటబట్టలేదు. "మీ సమస్య మాకెంతో విలువైనది" అనాల్సిన చోట, "తలుపు మీ వైపు లాక్కుని తాళంచెవి తిప్పండి. వచ్చిందా? సరే, ఉంటాను" అనేసేది. అవతల తలుపు తెరుచుకునేది, ఇవతల మాటతీరుకు మార్కులు మాత్రం పడేవి కావు.

ఒకరోజు మేనేజరు బాబాయ్‌ని గదిలోకి పిలిచాడు. "రేపట్నుంచి ఆ అమ్మాయిని రావద్దని చెప్పండి. ఎలా చెప్పాలో మీకు బాగా తెలుసుగా." ఆ గదికున్నది పైకప్పుదాకా లేని చెక్క గోడ. ప్రతి మాటా అమ్మాయి చెవిన పడింది. ఆ జీతం మీదే తనూ, చదువుకుంటున్న తమ్ముడూ బతుకుతున్నారు.

బాబాయ్ వచ్చి ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయీ, నీ గొంతు ఖంగుమంటుందమ్మా."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ఇక పిడుగు పడటమే తరువాయి.

"పైగా నీకు ఓపిక జాస్తి."

కళ్లు తెరిచింది. వెనక రావాల్సింది ముందే వచ్చేసిందేంటి?

"మొన్న ఎవరింట్లోనో మూడేళ్ల బిడ్డ స్నానాలగదిలో గడియ వేసుకుంటే, బిడ్డ బయటికొచ్చేదాకా ఫోను పెట్టలేదు నువ్వు. ఆ పూట అన్నం కూడా తినలేదు."

"బాబాయ్..."

"తాళంచెవి పోయిందని రోజూ ఫోన్ చేసే ఆ ముసలాయనకి, అది జేబులోనే ఉందని రోజూ గుర్తుచేస్తావు. ఒక్కసారైనా విసుక్కోగా చూళ్లేదు."

ఇక ఆమె వల్ల కాలేదు. "మధ్యది చెప్పేయండి బాబాయ్! నేను విన్నాలెండి."

"మధ్యది చెప్పడానికి నాకు నోరు రావట్లేదమ్మా" అంటూ బాబాయ్ లేచి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లిపోయారు.

"సార్, మీ కర్టెన్లు బ్రహ్మాండం. ఆ అమ్మాయిని మాన్పించడం నా వల్ల కాదు, కావాలంటే నన్ను మాన్పించండి. మీ టై కూడా బాగుంది."

గోడకివతల అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇందాక మీరు చెప్తుంటే విన్నాను. ఆ బిడ్డ సంగతి నాకెవరూ చెప్పలేదే?" అన్నాడు మేనేజరు.

"ఎలా మాట్లాడుతుందనే అడిగారు కద్సార్. ఏం చేస్తుందని అడగలేదు. మీ గడియారం..."

"చాల్లెండి మహాప్రభో! ఆ అమ్మాయిని ఉండనివ్వండి. నా వస్తువుల జోలికి మాత్రం రాకండి."

బాబాయ్ బయటికొచ్చి ఆమె బల్ల దగ్గర ఆగారు.

"అమ్మాయీ, నీ చెప్పులు చాలా బాగున్నాయి."

ఆమె బల్ల గట్టిగా పట్టుకుంది. "మళ్లీ ఏమైంది బాబాయ్?"

"ఏం కాలేదమ్మా, నిజంగానే బాగున్నాయి. ఎక్కడ కొన్నావో చెప్పు, మా ఆవిడకీ ఓ జత తీసుకెళ్తాను. నా మాటలు నమ్మడం ఎప్పుడో మానేసింది."